జలపాతం ఫోటోల కోసం కొండెక్కే ముందు

వాతావరణం చూసుకోండి, మీరు నిలబడే చోటు ఒక్కటే కాదు, పైన కొండల్లో వాన ఉందా అని కూడా, ఎందుకంటే కింద ఎండ కాస్తున్నా పైన పడ్డ నీళ్లు ఒక్కసారిగా వచ్చేస్తాయి. నీళ్లు బురద రంగుకి మారినా, ఆకులు పుల్లలు కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా ట్రైపాడ్ అక్కడే వదిలేసైనా సరే ఎత్తుకి వచ్చేయండి.

నాచు పట్టిన రాయి మీద కాలు పెడితే జర్రున జారుతుంది, గ్రిప్ ఉన్న బూట్లే వేసుకోండి. జలపాతం పై అంచుకి మాత్రం వెళ్లొద్దు ప్లీజ్.

నీళ్లు పాలనురగలా రావాలంటే షటర్ అర సెకను దాకా తెరిచి ఉంచాలి కాబట్టి ట్రైపాడ్, ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్‌లోకి వచ్చే వెలుతురు తగ్గించే నల్లటి అద్దం) తప్పనిసరి, లెన్స్ మీద తుంపర్లు తుడవడానికి మెత్తటి గుడ్డలు రెండు. స్పేర్ బ్యాటరీ, టార్చ్, తాగేనీళ్లు. సిగ్నల్ ఉండకపోవచ్చు, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పే బయల్దేరండి.