హంటింగ్‌కి రమ్మన్నారా? స్కోప్‌లోని ఆ గీతల సంగతి

అమెరికాకు కొత్తగా వచ్చి టెక్సాస్‌లోనో కొలరాడోలోనో కుదురుకున్నాక, చలికాలం మొదలయ్యేసరికి ఆఫీసులో ఎవరో ఒకరు జింకల వేటకు రమ్మంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని సవరణల తర్వాత మన దగ్గర వేట పాతతరం కబుర్లలోనే మిగిలింది. అందుకే రైఫిల్ మీది స్కోప్‌లో, అంటే గురి చూసే దుర్బీనులో, ప్లస్ గుర్తు కింద వరసగా కనిపించే చిన్న గీతలు ఎందుకో మనలో చాలామందికి తెలియదు.

గీతల కంటే ముందు వీసా సంగతి. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉన్నా, తూటాలున్నా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. "కాసేపు పట్టుకుంటే ఏమవుతుందిలే" అనుకోకండి. లైసెన్స్ చేతికి వచ్చాకే రైఫిల్ ముట్టుకోండి, అనుమానముంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఉంది. కొలరాడోలో ఆ తేదీ 1949 జనవరి 1.

ఇక గీతలు. బుల్లెట్ గొట్టం దాటిన క్షణం నుంచి భూమి దాన్ని కిందికి లాగుతూనే ఉంటుంది. 308 విన్‌చెస్టర్ అనే తూటా రకం రైఫిల్‌లో 150 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ వాడి, 200 గజాలకు జీరో చేశారనుకుందాం, అంటే ఆ దూరంలో ప్లస్ గుర్తు పెట్టిన చోటే బుల్లెట్ తగిలేలా స్కోప్‌ని సరిచేశారని. 300 గజాల దగ్గర అది సుమారు 8 అంగుళాలు, 400 దగ్గర రెండడుగులకు పైగా కిందికి దిగుతుంది. ఆ మేరకు రైఫిల్ ఎత్తి పట్టాలి. ఎంత ఎత్తాలో గాల్లో ఊహించుకోకుండా, కింది గీతను జంతువు మీద పెట్టి కాల్చడానికే ఈ గీతల అమరిక, అంటే రెటికల్.

వీటిలో రెండు రకాలు. బీడీసీ (బుల్లెట్ డ్రాప్ కాంపెన్సేటర్) రకంలో ఒక్కో గీత ఒక్కో దూరానికి అని కంపెనీ చెబుతుంది. కానీ ఆ లెక్క కంపెనీ అనుకున్న తూటాకి, వేగానికి వేసింది. మీ తూటా వేరైతే 300 గజాల గీత 270కో 320కో సరిపోవచ్చు. రెండో రకంలో గీతలు దూరాన్ని కాదు, కోణాన్ని చెబుతాయి, ఎంఓఏ, మిల్ అనే కోణం కొలతల్లో. 100 గజాల దగ్గర ఒక ఎంఓఏ అంటే ఇంచుమించు ఒక అంగుళం, ఒక మిల్ అంటే 3.6 అంగుళాలు. దూరం రెట్టింపైతే ఇవీ రెట్టింపే. కాస్త లెక్క చేసుకోవాలి, కానీ తూటా మారినా పనికొస్తుంది. నన్నడిగితే ఇదే కొనమంటాను. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఆ గుణకారం ఒక లెక్కా!

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది జూమ్ దగ్గర. వేటకు వాడే మామూలు స్కోపులు చాలావరకు సెకండ్ ఫోకల్ ప్లేన్ రకం. జూమ్ తగ్గిస్తే జింక చిన్నదవుతుంది గానీ గీతలు అలాగే ఉంటాయి. అందుకే గీతల విలువ ఒక్క జూమ్ దగ్గరే నిజం, సాధారణంగా అన్నిటికంటే ఎక్కువ జూమ్ దగ్గర. 3 నుంచి 9 రెట్ల దాకా జూమ్ అయ్యే 3-9 స్కోప్‌లో 9 దగ్గర 6 ఎంఓఏ చూపే గీత, 4.5 దగ్గర 12 ఎంఓఏ అవుతుంది. 400 గజాల్లో ఆ తేడా 25 అంగుళాలు. బుల్లెట్ జింక వీపు మీదుగా వెళ్లిపోతుంది. ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లో ఈ గొడవ లేదు. గీతలు కూడా బొమ్మతో పాటే పెరిగి తగ్గుతాయి. కాకపోతే ధర ఎక్కువ, తక్కువ జూమ్‌లో గీతలు మరీ సన్నగా కనిపిస్తాయి.

హ్యూస్టన్‌లో జీరో చేసిన రైఫిల్‌ని కొలరాడో కొండల్లోకి తీసుకెళితే, అక్కడి పలచటి గాలిలో బుల్లెట్ తక్కువ పడుతుంది. 200 గజాల్లో పట్టించుకోనక్కర్లేదు, 500లో తెలుస్తుంది. పక్కగాలి విషయంలో మాత్రం కింది గీతలు ఏమీ చేయవు. గంటకు 10 మైళ్ల గాలి పైన చెప్పిన బుల్లెట్‌ని 300 గజాల్లో అర అడుగుకు పైగానే పక్కకు తోస్తుంది.

కాబట్టి స్నేహితుడి రైఫిల్ వాడేటట్టయితే మూడు అడగండి: ఏ తూటా, ఎంత దూరానికి జీరో, గీతలు ఏ జూమ్‌కి. తర్వాత అదే తూటాతో రేంజ్‌లో 100, 200, 300 గజాల్లో కాగితం మీద కాల్చి, ఏ గీత ఎక్కడ తగులుతోందో చీటీ మీద రాసి రైఫిల్ స్టాక్‌కి (భుజానికి ఆనించే వెనక భాగానికి) అంటించుకోండి. కాగితం మీద నమ్మకంగా తగలని దూరంలో జింక కనిపిస్తే కాల్చకండి, దగ్గరికి వెళ్లే దారి చూడండి. కొలరాడోలో రైఫిల్ వేటకైతే నడుము పైభాగాన కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే ఆరెంజ్ గానీ పింక్ గానీ తప్పనిసరి, టోపీ కూడా అదే రంగుది.