గ్రీకు దేవతల బిరుదనామాలను చదివే పద్ధతి

నల్గొండలో ఆటో ఎక్కి పానగల్లు సోమేశ్వరుడి గుడికి అంటే సరిపోదు; ఛాయా సోమేశ్వరమా, పచ్చల సోమేశ్వరమా అని డ్రైవరు అడుగుతాడు. ప్రాచీన గ్రీకు శాసనంలో జ్యూస్, అపోలో, ఆర్టెమిస్ వంటి పేరు కనబడినప్పుడు మనమూ అదే ప్రశ్న వేసుకుని, పక్కనున్న బిరుదును ముందుగా విడిగా రాసి పెట్టుకోవాలి. దాన్ని పొగడ్తగా తీసుకుని వదిలేస్తే, పూజ ఎవరికి, ఎందుకు జరిగిందో తెలియకుండా పోతుంది.

ఆ బిరుదు స్థలానిదా, పనిదా అన్నది తర్వాత తేల్చుకోవాలి. ‘పైథియన్’ అపోలో డెల్ఫీ క్షేత్రానికి చెందినవాడు. ‘క్తేసియోస్’ జ్యూస్ ఇంటి సామాన్ల గదిని కాచేవాడు. ‘సోతేర్’ (రక్షకుడు), స్త్రీ దేవత అయితే ‘సోతెయిరా’, అని ఉంటే ఏ ఆపద గట్టెక్కిందో వెతకాలి. క్రీ.పూ. 279లో గాల్ (కెల్టు తెగల) దండు డెల్ఫీ మీద పడి వెనుదిరిగాక, జ్యూస్ సోతేర్, పైథియన్ అపోలోల పేరిట అక్కడ సోతేరియా ఉత్సవం ఏర్పడింది. మెగారా అనే గ్రీకు నగరంలో ఆర్టెమిస్ సోతెయిరాకు ఆ పేరు రావడానికి కారణంగా చెప్పే కథ మరీ ముచ్చటైనది: దేవి మహిమతో రాత్రి కొండల్లో దారి తప్పిన పర్షియన్ సైనికులు, శత్రువు దగ్గరున్నాడేమోనని బాణాలు వేయగా బండరాయి మూలిగిందట, మనుషులే అనుకుని అమ్ములన్నీ దానికే ఖర్చు చేసి, తెల్లవారాక మెగారా వారి చేతిలో హతమయ్యారట.

మూడవ పని, ఒకే దేవుడి ఏ బిరుదుకు ఏ క్రతువో పోల్చి చూడడం. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే. క్రీ.పూ. 399లో చేతిలో డబ్బు లేక గుర్రాన్ని సైతం అమ్ముకున్న గ్రీకు సేనాని, రచయిత జెనోఫన్‌తో ఒక జోస్యుడు, జ్యూస్ ‘మైలిఖియోస్’ (పూజతో శాంతింపజేయవలసినవాడు) అడ్డుపడుతున్నాడని చెప్పాడు. ‘రాజు’ అన్న బిరుదున్న జ్యూస్‌కు బలులిచ్చిన మనిషే అయినా, ఇల్లు వదిలాక ఈ జ్యూస్‌కు మాత్రం ఏమీ ఇవ్వలేదు. మర్నాడు తాతముత్తాతల ఆచారం ప్రకారం పందులను పూర్తిగా దహించి అర్పించాడు. ఆ రోజే మిత్రులు గుర్రాన్ని కొని తెచ్చి, ధర పుచ్చుకోకుండా అప్పగించారు.

చివరగా, కాలం చూడకుండా సోతేర్‌ను దేవుడనుకోరాదు. క్రీ.పూ. 307లో ఏథెన్స్ ప్రజలు సేనానులైన ఆంటిగోనస్, డెమెట్రియస్‌లను రక్షక దేవతలుగా కొలిచారు. ఈజిప్టు నాణేల మీద సోతేర్ అని ఉంటే అది ఆ దేశాన్ని ఏలిన మొదటి టాలెమీ రాజు కావచ్చు.