ఎయిర్ ఫ్రాన్స్ 447 రిపోర్ట్ ఎలా చదవాలి

ఈ విమాన ప్రమాదం దర్యాప్తు రిపోర్ట్ తీయగానే చివరి పేజీకి పరిగెత్తకండి, టైమ్‌లైన్ పక్కన రెండు గడులు గీసుకోండి, ఒకదాంట్లో ఏ వార్నింగ్ మోగింది, రెండోదాంట్లో ఎవరు ఏమన్నారు. 2009 జూన్ 1, 228 మంది పోయారు. పీటో ట్యూబుల్లో (విమానం వేగాన్ని కొలిచే బయటి గొట్టాలు) మంచు పట్టి స్పీడ్ రీడింగులు తేడా వచ్చాయి, ఆటోపైలట్ వదిలేసింది.

ఇక్కడ మాత్రం నెమ్మదిగా చదవండి: స్పీడ్ రీడింగ్ 60 నాట్ల కిందికి పడితే స్టాల్ వార్నింగ్ (ముక్కు మరీ పైకి లేచి రెక్కలు విమానాన్ని మోయలేకపోతున్నాయన్న హెచ్చరిక) ఆగిపోయేది, విమానం ముక్కు కిందికి దించితే మళ్లీ మొదలయ్యేది, అంటే సరైన పని చేస్తే అరుపు, తప్పు చేస్తే నిశ్శబ్దం, ఇంక పైలట్ దేన్ని నమ్మాలండీ?

తర్వాత మాటల గడి. ఎయిర్‌బస్‌లో సైడ్‌స్టిక్‌లు (ఒక్కో పైలట్ పక్కన ఉండే, విమానాన్ని నడిపే చిన్న కర్రలు) రెండూ కలిసి కదలవు, పక్కాయన వెనక్కి లాగుతున్నాడని మన చేతికి తెలీదు, నోటితో చెప్పుకోవాల్సిందే. రెస్ట్‌లో ఉన్న కెప్టెన్ ఆటోపైలట్ వదిలేసిన నిమిషంన్నర తర్వాత లోపలికొచ్చాడు, కొద్ది సెకన్లకే ఆ స్టాల్ వార్నింగ్ కాస్తా ఆగిపోయింది.