కుర్రవాడికి పెద్ద బైకు: లైసెన్సు నుంచి హైవే దాకా పాటించవలసిన క్రమం

మన దేశంలో గేరు బండికి ఇచ్చే లైసెన్సు ఒక్కటే. పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రవాడు వంద సీసీ స్ప్లెండర్ మీద ఎనిమిది వేసి పరీక్ష నెగ్గితే, లైసెన్సు వచ్చిన రోజునే 390 డ్యూక్ లాంటి పెద్ద బైకు ఎక్కి నెల్లూరు నుంచి ఒంగోలు దాకా నడిపినా లైసెన్సు విషయంలో ఎవరూ తప్పు పట్టలేరు. స్ప్లెండర్ శక్తి సుమారు 8 హార్స్‌పవర్, బరువు 112 కిలోలు. డ్యూక్ శక్తి 40 హార్స్‌పవర్ దాటుతుంది, బరువు మాత్రం 170 కిలోల దరిదాపుల్లోనే ఉంటుంది. కిలోకు ఇంత శక్తి అని లెక్క కడితే డ్యూక్‌ది స్ప్లెండర్‌కు మూడు రెట్లకు పైమాటే. యూరోపియన్ యూనియన్ 2006లో చేసిన ఆదేశంలో మోటారు సైకిళ్ల లైసెన్సుకు బండి శక్తిని బట్టి మెట్లున్నాయి. మొదటి మెట్టు 125 సీసీ, 11 కిలోవాట్ల వరకు. రెండోది 35 కిలోవాట్ల వరకు. ఆపైన శక్తి గల బండి కావాలంటే రెండో మెట్టు మీద రెండేళ్లు గడపాలి, లేదా 24 ఏళ్లు నిండాలి. మన చట్టంలో ఆ మెట్లు లేవు కనుక వాటిని ఇంట్లోనే ఏర్పాటు చేసుకోవాలి.

పద్దెనిమిది నిండకముందు

పదహారేళ్లు నిండినవారు 50 సీసీకి మించని బండిని, తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారంతో లైసెన్సు తీసుకుని నడపవచ్చునని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. అయితే అంత చిన్న పెట్రోలు బండ్లు ఇప్పుడు షోరూముల్లో దొరకడం లేదు. చిన్న బండే కదా అని పల్లెల్లో పిల్లల చేతికిచ్చే టీవీఎస్ ఎక్సెల్ ఇంజను సైతం 100 సీసీ తరగతిది. అంటే దాన్ని నడపడానికి కూడా పద్దెనిమిదేళ్లు నిండాలి. గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్లకు లోబడిన ఎలక్ట్రిక్ బండికి మాత్రమే లైసెన్సు అక్కరలేదు.

2019 సవరణతో చేరిన 199ఎ సెక్షన్‌ను ప్రతి తండ్రీ ఒకసారి చదవాలి. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడిని లేదా బండి యజమానిని దోషిగా భావిస్తారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా ఎల్ఎల్ఆర్ (బండి నేర్చుకునేవారికి ఇచ్చే తాత్కాలిక లైసెన్సు) కూడా ఇవ్వరు. తనకు తెలియకుండా జరిగిందని, లేదా తగిన జాగ్రత్త తీసుకున్నానని నిరూపించుకోగలిగితేనే పెద్దలకు మినహాయింపు. తాళంచెవి గోడకు తగిలించి ఉంచే ఇంట్లో ఆ నిరూపణ సులభం కాదు.

ఎల్ఎల్ఆర్ కాలం

ఎల్ఎల్ఆర్‌కు రవాణా శాఖ వారి సారథి పోర్టల్‌లో దరఖాస్తు చేసి, రోడ్డు నిబంధనలు, గుర్తుల మీద పరీక్ష నెగ్గాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తరువాతే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు పరీక్షకు వెళ్లవచ్చు. ఈలోగా బండికి ముందూ వెనుకా తెల్లని పలకపై ఎర్రని ‘ఎల్’ అక్షరం ఉండాలి. నేర్పేవారిని, అదీ లైసెన్సు ఉన్నవారిని, తప్ప వెనుక ఎవరినీ కూర్చోబెట్టుకోరాదు.

చాలామంది ఈ కాలాన్ని ఎనిమిది వేయడం నేర్చుకోవడానికే ఖర్చు చేస్తారు. ఎనిమిది వేయడం తెలిస్తే బండిని నెమ్మదిగా తిప్పడం వస్తుంది, వేగంలో ఉన్న బండిని ఆపడం రాదు. కాబట్టి ఊరి బయట ఖాళీ మైదానంలో బ్రేకు సాధన చేయించండి. ముందు 20, తరువాత 30, ఆ తరువాత 40 కిలోమీటర్ల వేగం అందుకుని, హ్యాండిల్ నిటారుగా ఉంచి, రెండు బ్రేకులూ కలిపి వేయాలి. ముందు బ్రేకు లివరును గబుక్కున లాగకుండా, క్రమంగా బిగిస్తూ పోవాలి. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కనుక బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. ‘ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతావు’ అని ఇంట్లో పెద్దలు చేసే హెచ్చరిక మేలు కోరి చేసేదే అయినా, దాన్ని నమ్మినవాడు వెనుక చక్రం ఒక్కదాన్నే బిగించి జారిపోతాడు.

దూరాల లెక్క ఆ కుర్రవాడి చేతనే వేయించండి. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద చేయి వేయడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, పొడి తారు రోడ్డు మీద బాగా బ్రేకు వేసినా 40 కిలోమీటర్ల వేగంలో బండి ఆగడానికి సుమారు 21 మీటర్లు, 60లో 40 మీటర్లు, 80లో 60 మీటర్లకు పైగా కావాలి. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగు రెట్లవుతుంది. వంద సీసీ బండి 80 అందుకోవడానికి చాలాసేపు తీసుకుంటుంది కనుక ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది; పెద్ద బండి ఆ వేగాన్ని కొన్ని సెకన్లలోనే అందుకుంటుంది.

మొదటి ఏడాది

లైసెన్సు వచ్చాక కనీసం ఒక ఏడాది 100 నుంచి 125 సీసీ బండే నడపాలని నా అభిప్రాయం. ఆ ఏడాదిలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉండే వానకాలం తప్పక కలవాలి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు ఈశాన్య రుతుపవనాల వాన ముఖ్యం, తడి రోడ్డు అనుభవం లేనివాడికి పెద్ద బండి ఇవ్వడం తొందరపాటే. కోతల రోజుల్లో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. గింజల మీద, మైపాడు తీరం వైపు ఇసుక పేరుకున్న చోట బండిని వంచరాదు, అక్కడికి చేరకముందే వేగం తగ్గించుకోవాలి. ఏబీఎస్ అనే బ్రేకు ఏర్పాటు చక్రం బిగుసుకుపోకుండా చూస్తుందే గాని లేని పట్టును తెచ్చిపెట్టదు. ఒంగోలు, చీమకుర్తి మధ్య గ్రానైట్ లారీలు, కృష్ణపట్నం రేవుకు వెళ్లే లారీలు ఉన్న దారుల్లో డ్రైవరు అద్దంలో మనం కనబడే చోటే ఉండాలి. కావలి, సింగరాయకొండ మీదుగా సాగే హైవే ఖాళీగా కనిపించినా, డివైడరు తెరిచి ఉన్న ప్రతిచోటా ట్రాక్టరో, రాంగ్ రూట్‌లో బైకో వస్తుందనుకునే నడపాలి.

హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి, ఐఎస్ఐ గుర్తు ఉన్నదై ఉండాలి, పట్టీ బిగించి ఉండాలి. అది లేకపోతే జరిమానాయే కాదు, మూడు నెలలు లైసెన్సు నిలిపివేసే వీలూ చట్టంలో ఉంది.

పెద్ద బండి కొనేటప్పుడు

రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉన్న బండిని ఎంచుకోండి. సీటు మీద కూర్చుంటే పాదాలు నేలకు గట్టిగా ఆనాలి. బీమా ఖర్చును కూడా ముందే చూసుకోవాలి. 2022 జూన్‌లో అమలైన ధరల ప్రకారం ఏడాది థర్డ్ పార్టీ (ప్రమాదంలో ఎదుటివారికి కలిగే నష్టానికి చేసే బీమా) ప్రీమియం 75 నుంచి 150 సీసీ వరకు 714 రూపాయలు, 350 సీసీ వరకు 1,366, ఆపైన 2,804. లైసెన్సు లేని స్నేహితుడికి బండి ఇచ్చి ప్రమాదం జరిగితే, బీమా కంపెనీ బాధితుడికి చెల్లించిన సొమ్మును యజమాని నుంచి రాబట్టుకునే అవకాశం ఉంది. శబ్దం కోసం సైలెన్సరు మార్పించడం కూడా చట్టవిరుద్ధమే.

కొత్త ఇంజనును మొదటి 1,000 కిలోమీటర్ల దాకా ఎక్కువ వేగంతో తిప్పవద్దని సాధారణంగా తయారీదారులే సూచిస్తారు. ఆ వ్యవధిని వృథా చేయకుండా పాత మైదానానికే వెళ్లి, 20 నుంచి మొదలుపెట్టి బ్రేకు సాధనంతా కొత్త బండి మీద మళ్లీ చేయాలి. ఒంటరిగా కుదిరాక వెనుక ఒకరిని కూర్చోబెట్టుకుని, ఆగే దూరం ఎంత పెరిగిందో అడుగులతో కొలుచుకోవాలి.