రసాయన సమీకరణం తుల్యం కావడం లేదా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

సమస్య: రెండు వైపులా పరమాణువుల లెక్క సరిపోయింది, అయినా మార్కులు పడలేదు.

కారణం: గుణకం (ఫార్ములా ముందు వేసే అంకె) పెట్టాల్సిన చోట ఫార్ములానే మార్చేసి ఉంటారు. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరు ఏర్పడే చర్యలో ఎడమవైపు ఓ₂ ఉంటుంది, కుడివైపు హెచ్₂ఓలో ఆక్సిజన్ ఒక్కటే. తొందరలో చాలామంది దాన్ని హెచ్₂ఓ₂ అని దిద్దేస్తారు. లెక్క కుదురుతుంది, కానీ అది ఇక నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. అంటే అసలు జరగని చర్యను రాసినట్టు.

పరిష్కారం: ఫార్ములాలోని చిన్న అంకెల జోలికి పోవద్దు. ఫార్ములా ముందు మాత్రమే అంకె వేయండి: 2హెచ్₂ + ఓ₂ → 2హెచ్₂ఓ. ఈ పాఠం మొత్తంలో నేను గట్టిగా పట్టుబట్టి చెప్పేది ఇదే. ఇది అలవాటైతే సగం టెన్షన్ తగ్గుతుంది.

సమస్య: ఒక మూలకం సరిచేస్తే ఇంకొకటి చెడుతోంది.

కారణం: ఆక్సిజన్‌తో మొదలుపెట్టారు. ప్రొపేన్ మండే చర్య చూడండి: సి₃హెచ్₈ + ఓ₂ → సిఓ₂ + హెచ్₂ఓ. కుడివైపు రెండు పదార్థాల్లోనూ ఆక్సిజన్ ఉంది. ఏ గుణకం మార్చినా దాని లెక్క మళ్లీ మారుతుంది.

పరిష్కారం: ముందు కార్బన్, తర్వాత హైడ్రోజన్, చివర ఆక్సిజన్. మూడు కార్బన్‌లకు 3సిఓ₂, ఎనిమిది హైడ్రోజన్‌లకు 4హెచ్₂ఓ. ఇప్పుడు కుడివైపు ఆక్సిజన్‌లు 6 + 4 = 10, కాబట్టి ఎడమవైపు 5ఓ₂. ఓ₂లో వేరే మూలకం లేదు గనుక దాని గుణకం మార్చినా ఇంకేదీ కదలదు. చివరికి ఉంచేది అందుకే.

సమస్య: చివర్లో ఆక్సిజన్ బేసి సంఖ్యలో వచ్చింది.

ఇది తప్పు కాదు, కంగారుపడి కొట్టేయకండి. ఈథేన్ (సి₂హెచ్₆) మండితే 2సిఓ₂, 3హెచ్₂ఓ వస్తాయి, అంటే 7 ఆక్సిజన్‌లు. ఓ₂ ముందు 7/2 వేసి, గుణకాలన్నిటినీ రెండుతో గుణించండి: 2సి₂హెచ్₆ + 7ఓ₂ → 4సిఓ₂ + 6హెచ్₂ఓ.

సమస్య: సల్ఫేట్ (ఎస్ఓ₄), నైట్రేట్ (ఎన్ఓ₃) లాంటి పరమాణువుల గుంపు ఉంటే లెక్క తప్పుతోంది.

ఆ గుంపు రెండు వైపులా చెక్కుచెదరకుండా ఉంటే, విడదీయకుండా మొత్తాన్ని ఒకటిగా లెక్కపెట్టండి.

సమస్య: ఏం చేసినా తుల్యం కావడం లేదు.

కారణం: ఏదో పదార్థం రాయడం మర్చిపోయారు. జింక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం చర్యలో జింక్ క్లోరైడ్ రాసి హైడ్రోజన్ వాయువును వదిలేస్తే, ఎన్ని గుణకాలు మార్చినా కుడివైపు హైడ్రోజన్ ఎక్కడినుంచీ రాదు.

పరిష్కారం: గుణకాలు వేయకముందే రెండు వైపులా ఉన్న మూలకాల పేర్లు రాసుకోండి. ఒక వైపే కనిపించే మూలకం ఉంటే పెన్ను ఆపి, ప్రశ్నను మళ్లీ చదవండి.