ఎంఆర్క్ లేకుండా అమెరికాలో ఆర్కిటెక్ట్ లైసెన్స్ తెచ్చుకోవడం ఎలా?

'అన్నా, అక్కడ ఎంఆర్క్ పీజీ చేయకపోతే లైసెన్స్ రాదటగా?' అని అడిగిన తమ్ముళ్లకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. మన ఐదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ, బీఆర్క్‌తోనే వస్తుంది. నా కాగితాలు నడిపాను, తర్వాత చాలామందివి చూశాను. ఎంఆర్క్ చేస్తే చేయండి, లైసెన్స్ కోసమని అప్పు మాత్రం చేయకండి.

ముందు ఎన్‌కార్బ్ (అక్కడి రాష్ట్రాల ఆర్కిటెక్చర్ బోర్డులన్నిటి ఉమ్మడి సంస్థ) సైట్‌లో మీ పేరిట రికార్డు తెరవండి. పది నిమిషాల పని.

తర్వాత రాష్ట్రం. అక్కడ లైసెన్స్ ఇచ్చేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర బోర్డే. కాలిఫోర్నియా అయితే చదువు, అనుభవం కలిపి 8 ఏళ్లు చూస్తుంది, ఫలానా డిగ్రీయే కావాలనదు. చాలా రాష్ట్రాలు అలా కాదు. అందుకే ఎక్కడ ఉన్నా ఈసా మూల్యాంకనం చేయించాల్సిందే అంటాను.

అసలు తంటా ఇక్కడే. ఈసా అంటే, మీ బీఆర్క్‌ను, అక్కడి ఆర్కిటెక్చర్ కోర్సులకు గుర్తింపునిచ్చే నాబ్ సంస్థ అక్కడి విద్యా ప్రమాణంతో సబ్జెక్టు సబ్జెక్టుగా పోల్చి చూడటం. మార్కుల మెమోలు స్కాన్ చేసి పెడితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. ట్రాన్స్‌క్రిప్ట్ యూనివర్సిటీ నుంచి నేరుగా వెళ్లాలి. దాంతోపాటు ప్రతి సబ్జెక్టులో ఏం చెప్పారో వివరం కావాలి. 'బిల్డింగ్ కన్‌స్ట్రక్షన్-3' అని పేరొక్కటే ఉంటే, అందులో ఆర్‌సీసీ నేర్పారో తలుపులు కిటికీలు నేర్పారో చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

సిలబస్ మీరు చదివిన ఏడాదిదే అయి ఉండాలి. ఇప్పటి సిలబస్ వెబ్‌సైట్‌లో దొరికింది కదా అని అదే పంపితే, మీ మెమోలో ఉన్న సబ్జెక్టులు అందులో కనిపించవు. నేను ఇలాగే దెబ్బతిన్నాను. మా కాలేజీ ఆఫీసులో పాత సిలబస్ పుస్తకం బీరువా అడుగున దొరికింది, చెద పట్టి. కాపీలు తీయించి, పేజీ పేజీకీ సంతకం, ముద్ర వేయించుకునేసరికి మూడుసార్లు తిరగాల్సొచ్చింది. ఊరు వదిలేముందే చేయించుకోండి. అక్కడికెళ్లాక నాన్నగారిని కాలేజీ చుట్టూ తిప్పడం పాపం.

ఇంకోటి, మన ఇంటిపేరు. మెమోలో 'కె.' అని పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంటే అవతలివాళ్లకు మీరు ఇద్దరు మనుషులు. రికార్డు తెరిచేటప్పుడే పాస్‌పోర్టులో ఉన్నట్టు రాయండి, తేడాకు ఒక అఫిడవిట్ దగ్గర పెట్టుకోండి.

రిపోర్టులో లోటు చూపిస్తే కంగారొద్దు. మనం మొదటి ఏడాది నుంచే డ్రాయింగ్ బోర్డు పట్టుకుంటాం కాబట్టి, లోటు సాధారణంగా జనరల్ ఎడ్యుకేషన్‌లో, అంటే ఆర్కిటెక్చర్ కాని మామూలు సబ్జెక్టుల్లో తేలుతుంది. కమ్యూనిటీ కాలేజీలో కోర్సులు తీసుకుని పూడ్చుకోవచ్చు.

తర్వాత ఏఎక్స్‌పీ అనే పని అనుభవం: ఆరు విభాగాల్లో 3,740 గంటలు. మన దేశంలో ఆర్కిటెక్టులకు రిజిస్ట్రేషన్ ఇచ్చే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్ల కింద మన దగ్గర చేసిన పని కూడా 1,860 గంటల వరకు లెక్కకొస్తుంది. కాకపోతే చేసిన 8 నెలల్లోపు నమోదు చేస్తేనే పూర్తి విలువ. ఆ తర్వాత 5 ఏళ్ల వరకు సగమే. నెలాఖరున కూర్చుని ఎక్కించండి.

ఇక ఏఆర్‌ఈ, అంటే లైసెన్స్ పరీక్ష. అందులో ఆరు పేపర్లు. ముందు ప్రాక్టీస్ మేనేజ్‌మెంటే రాయాలి, ఇంకో క్రమం నేను ఒప్పుకోను. ఫెయిలైతే అదే పేపర్ మళ్లీ రాసేది 60 రోజుల తర్వాతే. కాలిఫోర్నియాలో పైన ఇంకో పరీక్ష ఉంది.

లైసెన్స్ నంబర్ చేతికొచ్చేదాకా విజిటింగ్ కార్డు మీద 'ఆర్కిటెక్ట్' అని వేసుకోకండి. ఇక్కడ మీకు రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, అక్కడ ఆ మాట వాడటం చట్టవిరుద్ధం. అప్పటిదాకా 'డిజైనర్' అనే వేయించండి.