గుంటూరులో స్థలం, ఎడిసన్‌లో పన్ను: ఇద్దరు ఆడిటర్లతో నా అనుభవం

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాను, ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. సూది గుచ్చే ముందు పేరు, పుట్టిన తేదీ రెండూ అడగాలి. రోజూ కనిపించే మనిషైనా సరే, అడగాల్సిందే. ఇంత పట్టుదల ఉన్న నేను, జనవరి రాగానే ఫోను చేసి "మేడమ్, రిఫండు ఎక్కువ తెప్పిస్తాం" అనే వారికి పదేళ్లపాటు నా లెక్కలన్నీ అప్పగించాను. వాళ్లు నన్ను అడిగింది ఏడాది జీతం, కోసిన పన్ను చూపే డబ్ల్యూ-2 కాగితం, బ్యాంకు ఖాతా నంబరు. ఇండియా మాటే ఎత్తలేదు. అడగలేదు కాబట్టి అక్కరలేదనుకున్నాను.

2023లో ఒక ఎన్‌రోల్డ్ ఏజెంటు దగ్గరికి వెళ్లాను. అమెరికా పన్నుల శాఖ, అంటే ఐఆర్‌ఎస్, పెట్టే మూడు భాగాల పరీక్ష నెగ్గిన వారిని అలా అంటారు. ఆవిడ మొదటి నలభై నిమిషాలూ ప్రశ్నలే వేశారు. ఇండియాలో ఎన్ని ఖాతాలు? రెండో పేరుగా మీరున్నవి కూడా చెప్పండి. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్లు, అంటే విదేశంలో సంపాదించి ఇండియా బ్యాంకులో వేసినవి, ఉన్నాయా? ఎల్‌ఐసీ పాలసీలు, పీపీఎఫ్, మ్యూచువల్ ఫండ్లు? అమ్మానాన్నలు ఎప్పుడైనా పెద్ద మొత్తం పంపారా?

నాన్న పింఛను ఖాతాలో రెండో పేరు నాదేనని అప్పుడు గుర్తొచ్చింది. చేతిలో టీ చల్లారిపోయింది.

విషయం ఇది. గ్రీన్‌కార్డు ఉన్నా, వీసా మీద ఉంటూ రోజుల లెక్క ప్రకారం పన్నుకు నివాసి అయినా, ప్రపంచంలో ఎక్కడి ఆదాయాన్నయినా అమెరికాకు చూపాలి. ఎన్‌ఆర్‌ఈ డిపాజిటు వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, అమెరికాలో ఉంది. దీనికి తోడు విదేశీ ఖాతాలన్నిటి నిల్వ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక వేయాలి. 2024 చివరి మారకం ప్రకారం అది ఎనిమిదిన్నర లక్షల రూపాయలు. ఊళ్లో ఒక డిపాజిటు, అమ్మతో ఉమ్మడి ఖాతా ఉన్న ఎవరైనా ఆ గీత దాటేస్తారు. గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబరు 15 వరకు పొడిగిస్తారు. నివేదిక వేసినంత మాత్రాన పన్నేమీ పడదు, వేయకపోతే మాత్రం జరిమానా పడవచ్చు. విదేశీ ఖాతాలు, పెట్టుబడులు ఇంకా ఎక్కువుంటే రిటర్నుతో పాటు 8938 అనే ఫారం కూడా జతచేయాలి. అమెరికాలో ఉంటూ భార్యాభర్తలు కలిసి రిటర్ను వేసేవారికి ఆ హద్దు ఏడాది చివర లక్ష డాలర్లు, మధ్యలో ఎప్పుడైనా లక్షన్నర.

నా పాత తప్పు దిద్దడానికి 'స్ట్రీమ్‌లైన్డ్' అనే పద్ధతి వాడారు. మూడేళ్ల రిటర్నులు సవరించి, ఆరేళ్ల ఎఫ్‌బార్లు వేసి, కావాలని దాచలేదని వివరణ రాసి, 5 శాతం జరిమానా కట్టాలి. ఆ వివరణ మీ మాటల్లోనే ఉండాలన్నారు. రెండు ఆదివారాలు పట్టింది. జరిమానా ఎంతో చెప్పను, వంటగది మరమ్మతు మాత్రం వాయిదా పడింది. ఎవరైనా తెలిసీ దాచి ఉంటే ఇలాంటి ఏజెంటు దగ్గరికి కాదు, ముందు పన్నుల న్యాయవాది దగ్గరికి వెళ్లాలి. న్యాయవాదితో చెప్పిన మాటకు ఉండే రక్షణ మిగతావారితో చెప్పినదానికి క్రిమినల్ కేసులో ఉండదు.

కాబట్టి మనిషిని ఎంచుకునేటప్పుడు ముందు మీరు మాట్లాడకండి. ఇండియా ఖాతాల గురించి తనంతట తానే అడుగుతాడో లేదో చూడండి. అడగకపోతే ఫోను పెట్టేయండి. అడిగితే, డబ్బు తీసుకుని రిటర్ను తయారుచేసే ప్రతి ఒక్కరికీ ఉండాల్సిన పీటీఐఎన్ అనే నంబరు అడగండి. రిటర్ను మీద సంతకం, ఆ నంబరు వేయనంటే అక్కడితో వదిలేయండి. ఐఆర్‌ఎస్ వెబ్‌సైటులో అర్హతలున్నవారి జాబితా ఉంది, జిప్ కోడు కొట్టి వెతకవచ్చు. రిఫండులో ఇంత శాతం ఫీజు అనేవారికి దూరంగా ఉండమని ఐఆర్‌ఎస్సే చెబుతుంది. పని ఇండియాలో చేయిస్తారా అని కూడా అడగండి. మీ వివరాలు అమెరికా దాటించాలంటే ముందుగా మీ రాతపూర్వక అనుమతి తీసుకోవాలని చట్టం. పదేళ్లలో నన్ను ఎవరూ అలా అడిగినట్టు గుర్తు లేదు.

చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు ఒక్క మాట: ఎఫ్-1 వీసా మీద మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరాలు మామూలుగా 1040-ఎన్‌ఆర్ ఫారమే (పన్నుకు నివాసి కానివారిది) వేయాలి. భారత్, అమెరికా పన్నుల ఒప్పందం 21వ అధికరణం కింద మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఆదాయంలోంచి పన్ను లేకుండా తీసేసే నిర్ణీత మొత్తం, దొరుకుతుంది. ఆ అధికరణం పేరు వినని వారికి మీ రిటర్ను ఇవ్వకండి.

ఇక రెండో ఆడిటరు సంగతి. నాన్న వీలునామాలో నాకు రాసిన గుంటూరు స్థలాన్ని 2024 నవంబరులో 48 లక్షలకు అమ్మాను. మధ్యవర్తి "50 లక్షల లోపే కదమ్మా, టీడీఎస్ అక్కరలేదు" అన్నాడు. అంటే అమ్మకం డబ్బులోంచి పన్ను ముందే కోయనక్కరలేదని. తమ్ముడూ సరేనన్నాడు. గుంటూరు ఆడిటరు గారు అడ్డం పడ్డారు. ఆ 50 లక్షల హద్దు ఇక్కడే ఉండే అమ్మకందారులకు. ఎన్‌ఆర్‌ఐ అమ్మితే అలాంటి హద్దేమీ లేదు, అప్పటి ఆదాయపు పన్ను చట్టం 195 సెక్షను కింద కొన్నవారు టీడీఎస్ కోయాలి, అందుకు అప్పట్లో టాన్ అనే, పన్ను కోసేవారి నంబరు తీసుకోవాల్సి ఉండేది. కోయకపోతే శాఖ కొన్నవారిని కూడా పట్టుకుంటుంది. ఈ మాట చెప్పగానే, అప్పటిదాకా విసుక్కుంటున్న కొనుగోలుదారు మర్నాడే టాన్‌కు దరఖాస్తు పెట్టాడు.

అమ్మకం ధర మొత్తం మీద సెస్సుతో కలిపి 13 శాతం, అంటే 6 లక్షల 24 వేలు కోశారు. నాన్న 1988లో కొన్న స్థలం కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను, మాకు 6 లక్షలు, కొన్న ధరగా తీసుకున్నారు. 2024 జూలై 23 తర్వాతి అమ్మకాలకు ఎన్‌ఆర్‌ఐలకు ఇండెక్సేషన్, అంటే ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి చూపడం, లేదు. అసలు పన్ను 5 లక్షల 46 వేలు తేలింది. తక్కువ కోతకు ముందే అప్పటి 13వ ఫారంతో ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు. తేడా 78 వేలే కదా, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకుందాం అన్నారు ఆడిటరు గారు. కొన్న ధర ఎక్కువగా ఉండి లాభం తక్కువైతే ఆ ధ్రువపత్రం లేకుండా రిజిస్ట్రేషనుకు వెళ్లవద్దు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల, ఫారాల నంబర్లు మారాయి కాబట్టి నేను చెప్పిన నంబర్లను పట్టుకుని వాదించకండి, మీ ఆడిటరును అడగండి.

అమెరికా లెక్క పూర్తిగా వేరు. వారసత్వపు ఆస్తికి ఇక్కడ 2001 విలువ చూడరు, తండ్రి పోయిన రోజు విలువ చూస్తారు. నాన్న 2019 మార్చిలో పోయారు. రిజిస్టర్డ్ వాల్యుయరు ఆ తేదీకి 31 లక్షలని రాసిచ్చారు. దాన్ని నాటి 70 రూపాయల మారకంతో, అమ్మకాన్ని 84తో డాలర్లలోకి మారిస్తే లాభం సుమారు 13 వేల డాలర్లు. దాని మీద అమెరికా పన్ను రెండు వేల డాలర్ల లోపే. ఇండియాలో కట్టినది అంతకంటే ఎక్కువ కాబట్టి 1116 ఫారంతో క్రెడిటు (అక్కడ కట్టిన పన్నును ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకుంటే ఫెడరల్ పన్ను చెల్లిపోయింది. న్యూజెర్సీ మాత్రం విదేశీ పన్నుకు క్రెడిటు ఇవ్వదు, దానికి విడిగా కట్టాను. ఈ సంగతి గుంటూరు ఆడిటరుకు తెలియదు. తెలియాలని ఆశించడం కూడా తప్పు.

అలాగే, క్యాపిటల్ గెయిన్స్ బాండ్లు కొంటే పన్ను మిగులుతుందని ఆయన సలహా ఇచ్చారు. నిజమే. ఇండియా పన్ను మిగులుతుంది, అమెరికా పన్ను అలాగే ఉంటుంది, చూపడానికి క్రెడిటు ఉండదు, డబ్బు ఐదేళ్లు కదలదు. పాప కాలేజీ ఫీజు దగ్గర పడుతోంది కాబట్టి వద్దనుకున్నాను.

ఇండియా ఏడాది మార్చితో ముగుస్తుంది, అమెరికా ఏడాది డిసెంబరుతో. ఏప్రిల్‌లో ఇక్కడ రిటర్ను వేయాల్సిన సమయానికి అక్కడ రిటర్ను పని ఇంకా మొదలే కాలేదు. అందుకే 4868 ఫారంతో అక్టోబరు దాకా గడువు తీసుకున్నాం. రిటర్నుకే గడువు, కట్టాల్సిన పన్నుకు కాదు. అంచనా వేసి ఏప్రిల్‌లోనే కట్టాను.

డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ఎన్‌ఆర్‌ఐల ఇండియా రాబడి పడే ఖాతా) నుంచి ఇక్కడికి రావడానికి ఆడిటరు, పంపే డబ్బు మీద పన్ను సంగతి తేలిందని చెప్పే 15సీబీ ధ్రువపత్రం ఇచ్చారు. దాని మీది యూడీఐఎన్‌ను, అంటే ఆ పత్రానికే ఇచ్చిన ప్రత్యేక నంబరును, చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ వెబ్‌సైటులో నేనే కొట్టి చూశాను. ఆయన నొచ్చుకోలేదు, "చూసుకోవాలమ్మా" అన్నారు.

ఇద్దరినీ ఒకే ఫోనులో కలిపింది మాత్రం జూన్‌లో. ఎడిసన్‌లో శనివారం ఉదయం ఎనిమిది, గుంటూరులో సాయంత్రం ఐదున్నర. ఇద్దరికీ గంట ఫీజు ఇచ్చాను. ముందురోజే స్థలం దస్తావేజు, వీలునామా, నాన్న మరణ ధ్రువపత్రం, వాల్యుయరు నివేదిక, టీడీఎస్ కోసినట్టు కొన్నవారిచ్చిన 16ఏ ఇద్దరికీ పంపాను. పాన్, సోషల్ సెక్యూరిటీ నంబర్లున్న కాగితాలు వాట్సాప్‌లో కాదు, పాస్‌వర్డు పెట్టి. మొదటి పది నిమిషాలు ఒకరినొకరు సార్, మేడమ్ అనుకున్నారు. ఆ తర్వాత ఏజెంటు ఆవిడ "పన్ను ఏ తేదీన జమ అయింది?" అని అడిగారు. ఆడిటరు గారు చలానా వెతుకుతుండగా నేను వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకున్నాను.